సిన్సినాటి ఓవర్-ద-రైన్‌లో వీధులకు పాత జర్మన్ పేర్లు మళ్ళీ పెట్టాలా?

నడకరాయుడు:
మొన్న శనివారం అమ్మానాన్నలతో ఒహాయోలోని సిన్సినాటిలో, ఓవర్-ద-రైన్ అనే పాత పేటలో, ఫిండ్లే మార్కెట్ నుంచి వాషింగ్టన్ పార్కు దాకా నడిచాం. రిపబ్లిక్ స్ట్రీట్ బోర్డు కింద ఇంకో చిన్న బోర్డు ఉంది: ఇది ఒకప్పటి బ్రెమెన్ స్ట్రీట్ అని. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, జర్మనీని గుర్తుచేసే చాలా వీధుల పేర్లు నగరం మార్చేసింది. ఆ పేటను కట్టిన జర్మన్ వలసదారులకు జరిగిన అవమానమది. అసలు పేరే పైకి రావాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

కాలువగట్టు:
నేను ఒప్పుకోనండీ. పేటకు ఆ పేరు ఎలా వచ్చిందో చూడండి. మయామీ-ఈరీ కాలువ దాటి ఇళ్ళకు వెళ్ళే జర్మన్లు ఉన్నారని ఆ కాలువనే జర్మనీలోని రైన్ నది అన్నారు, పేటను 'రైన్ అవతల' అనే అర్థంలో ఓవర్-ద-రైన్ అన్నారు. ఇప్పుడక్కడ కాలువ లేదు, సెంట్రల్ పార్క్‌వే ఉంది. దాని కింద రైలే నడవని సబ్‌వే సొరంగాలున్నాయి. 12వ వీధి, వాల్నట్ మూలన జర్మనీకి ప్రతీక అయిన జెర్మేనియా విగ్రహానికి కూడా యుద్ధకాలంలో, అమెరికాకు ప్రతీక అయిన కొలంబియా అని పేరు మార్చారు. ఆ మార్పు కనబడాలి. పాత పేరు పెట్టేస్తే అది ఎందుకు పోయిందో ఎవరడుగుతారు?

ఆదివారం తెలుగుబడి:
నేను నడకరాయుడు గారి వైపే. సిన్సినాటి బడుల్లో 1840 నుంచి జర్మన్, ఇంగ్లిష్ రెండింట్లో చదువు చెప్పేవారు. 1919లో ఒహాయో చట్టం ఎనిమిదో తరగతి దాకా జర్మన్ నేర్పకూడదంది. 1923లో సుప్రీంకోర్టు అలాంటి చట్టాలను కొట్టేసినా, మధ్యలో పోయిన ఏళ్ళు ఎవరు తెచ్చిస్తారు? ఇక్కడ ఏ చట్టమూ అడ్డం లేకపోయినా మా పిల్లలు నేను తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబు చెబుతున్నారు. అందుకే నాకు ఇది చదివితే కడుపు తరుక్కుపోతుంది.

కాలువగట్టు:
మీ బాధ నాకు అర్థమైందండీ. కానీ జర్మన్ కుటుంబాలు గుట్టల మీది పేటలకు వెళ్ళిపోయాక అక్కడ ఎవరున్నారు? హైవే కోసం, పునర్నిర్మాణం పేరుతో పక్కనున్న వెస్ట్ ఎండ్ పేటను కూల్చినప్పుడు పాతిక వేల మంది దాకా ఇళ్ళు పోగొట్టుకున్నారు, ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. వాళ్ళలో చాలామంది ఈ పేటకే వచ్చారు. 2001 ఏప్రిల్‌లో తిమోతీ థామస్ అనే 19 ఏళ్ళ నిరాయుధుణ్ణి పోలీసు కాల్చి చంపింది 13వ వీధి, రిపబ్లిక్ దగ్గరి సందులోనే. ఊరు రోజుల తరబడి అట్టుడికింది. వాళ్ళకు అది రిపబ్లిక్ స్ట్రీటే. ఆ పేరు తీసేస్తే 1918లో చేసిన పనే ఇంకొకరికి చేసినట్టు కాదా?

నడకరాయుడు:
ఆ సందు పక్కనుంచే మేం వెళ్ళాం. అమ్మకు బీరు తయారీదారుల ఇళ్ళు చూపించాను గానీ ఈ సంగతి చెప్పలేదు, నాకే తెలియదు. అదే 13వ వీధిలో 1842 నాటి ఓల్డ్ సెయింట్ మేరీస్ చర్చి ఉంది, ఆదివారం జర్మన్‌లో ప్రార్థన ఇప్పటికీ జరుగుతుంది. ఈసారి చర్చి దగ్గర మొదలుపెట్టి ఆ సందు దాకా నడుస్తాం. రిపబ్లిక్ పేరు తీసేయమని ఇక అనను. బ్రెమెన్‌ను మాత్రం దాని పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో రాయమంటాను.