తెలివి ఒక్కటే చాలుతదా? నల్లగొండ నీళ్ల మీద చర్చ

పటికబిందె:
వివేకం, దయ తోడు లేని తెలివికి విలువెంత? గాల్లో మాట్లాడుకోవడం కంటే మన జిల్లా పేరు మోస్తున్న పద్ధతినే పట్టుకుని తేల్చుకుందాం. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో నీళ్లలోంచి, ఎక్కువైతే ఎముకల్ని దెబ్బతీసే ఫ్లోరైడ్‌ని తీసే దారి కనిపెట్టి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. కావలసింది పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్, అంతే. ఇంట్లో బకెట్‌తో చేస్తే కరెంటు కూడా అక్కర్లేదు. పటిక నీళ్లలో తెట్టెలా విడుతుంది, ఫ్లోరైడ్ దానికి అంటుకుని అడుగుకు దిగుతుంది. ఇంత తెలివైన పని అయినా చాలా ఊళ్లలో నిలవలేదు. బిందె దాకా ఆలోచించారు గానీ, బిందె పట్టే చెయ్యి దాకా ఆలోచించలేదని నా అభిప్రాయం.

లెక్కలసారు:
ఒప్పుకోను. నిలవకపోవడానికి దయ తక్కువ కావడం కారణం కాదు, కొలత తక్కువ కావడం. పటిక మోతాదు ఫ్లోరైడ్ ఒక్కదాన్ని బట్టి ఉండదు, నీటి క్షారతను (ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని) బట్టి కూడా మారుతుంది. క్షారత లీటరుకు 400 మిల్లీగ్రాములున్న నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాములుంటే పటిక సుమారు 300 మిల్లీగ్రాములు పడుతుంది. ఫ్లోరైడ్ 4 ఉంటే 400 దాటుతుంది. అంటే 40 లీటర్ల బకెట్‌కు ఒకచోట 12 గ్రాములు, ఇంకోచోట 16 పైనే. చేతికందిన గడ్డ వేస్తే ఏమవుతుంది? తక్కువైతే ఫ్లోరైడ్ మిగిలిపోతుంది. ఎక్కువైతే నీళ్లు పుల్లబడి అల్యూమినియం కరిగే ఉంటుంది. దానికి గరిష్ఠ పరిమితి లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. గుండె ఎంత మెత్తగా ఉన్నా ఫ్లోరైడ్ 4 నుంచి 1కి దిగదు.

దయతో ఇచ్చే సలహానే చూడండి: ‘నీళ్లు కాచి తాగండి.’ కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం ఎక్కడికీ పోదు. 10 లీటర్లు మరిగి 8 అయితే 2 మిల్లీగ్రాములున్నది 2.5 అవుతుంది. బిడ్డ మీద ప్రేమతో ఎక్కువసేపు కాచే తల్లే ఎక్కువ ఫ్లోరైడ్ తాగిస్తుంది.

చెలిమె:
సారూ, లెక్క మంచిగ జెప్పిన్రు. ఇగ ఆ లెక్క ఇంట్ల ఎట్ల నడుస్తదో సూడున్రి. అడుగు నుంచి 5 సెంటీమీటర్ల పైన నల్లా ఉన్న బకెట్ గావాలె. పటికల ఇరవయ్యో వంతు సున్నం ఎయ్యాలె. 10 నిమిషాలు మెల్లగ కలపాలె, గబగబ కలిపితే తెట్టె చెదిరిపోతది. గంటసేపు కదలకుండ ఉంచి తేటనీళ్లు పట్టుకోవాలె. ఇది రోజూ ఉండే పని. ఎవరు జేస్తరు? ఫ్లోరైడ్‌తోని వచ్చే ఫ్లోరోసిస్ రోగం ముదిరినోళ్లకు మోచెయ్యి సాపుగ రాదు, మెడ తిరగదు, నడుం వంగదు. గా నీళ్లు అందరికంటే ఎక్కువ ఎవరికి గావాల్నో ఆమె చేతనే పది నిమిషాలు కలపమన్నట్టయింది. మోతాదు పట్టికల క్షారతకు గడి ఉన్నది, ఆ చెయ్యికి గడి లేదు.

అడుగున మిగిలిన మడ్డి సంగతేంది? ఫ్లోరైడ్ మాయమైతలేదు, మడ్డిలకు పోతున్నది, అంతే. దాన్ని బోరు గద్దె పక్కన పారబోస్తే మళ్ల నేలలకే పాయె.

లెక్కలసారు:
మడ్డి విషయంలో మీ మాట నిజం, అది నేను వదిలేశాను. కలపడానికి మాత్రం చేతితో తిప్పే పళ్లచక్రాల కవ్వం పెట్టొచ్చు. అదీ తెలివే కదా?

పటికబిందె:
తెలివే. కానీ ఆ మోచెయ్యిని చూసినవాళ్లకే కవ్వం కావాలని తడుతుంది. నా వాదన అక్కడే ఉంది.

పానగల్లు కట్ట:
నల్లగొండ పక్కనున్న మన పానగల్లే చూడండి. ఇక్కడ ఏలిన కందూరు చోడ రాజుల కాలంలో ఒకే ఊళ్లో రెండు పనులు జరిగాయి. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక రోజంతా కదలని నీడ పడేలా స్తంభాలు నిలిపారు, అది తెలివి. ఉదయసముద్రం చెరువు కట్టారు, అది వివేకం. ఇవాళ కృష్ణా నీళ్లు నిలిపేది ఆ చెరువులోనే. మన గ్రానైటు రాతిలోనే ఫ్లోరైడ్ ఉంది. రాతితో నీళ్లు ఎంత కాలం కలిసుంటే అంత కరుగుతుంది. చెరువుల పూడిక తీయడం మాని లోతుకు, ఇంకా లోతుకు బోర్లు వేసుకుంటూ పోయాం. బోరు వేసే రిగ్గు తెలివైన యంత్రమే, దయ లేని చేతుల్లో పడింది.

లెక్కలసారు:
అక్కడ మీరు చరిత్ర తప్పు చదువుతున్నారు. చేతిపంపులు వచ్చింది దయతోనే. దిగుడుబావిలో కాళ్లు పెట్టి నీళ్లు ముంచుకోవడం వల్ల నారి కురుపు (నీళ్లతో ఒంట్లోకి చేరే పురుగు వల్ల వచ్చే రోగం), కలరా వచ్చేవి. బోరు నీళ్లు జనాన్ని కాపాడాయి. నారి కురుపు లేని దేశంగా 2000లో మనకు గుర్తింపు రావడంలో ఆ పంపులకూ వాటా ఉంది. అంటే తెలివి ఉంది, దయ కూడా ఉంది. బోరు వేసిన రోజే సీసాడు నీళ్లు ఫ్లోరైడ్ పరీక్షకు పంపాలన్న ముందుచూపు లేదు. కాబట్టి తెలివి, దయ అని రెండు పక్షాలు కట్టకండి. దయను కూడా కొలవాల్సిందే.

చెలిమె:
గీ మాట ఒప్పుకుంటున్న. మరి ఇప్పటి సంగతి? మిషన్ భగీరథ పథకం కింద నల్లాకొచ్చే నీళ్లు తాగుతున్నం, శానా ఇండ్లల్ల వంటకు మాత్రం బోరు నీళ్లే పోస్తున్నరు. బియ్యం, పప్పు ఆ నీళ్లను గుంజుకుంటయి, ఫ్లోరైడ్ కడుపులకే పోతది. పైపు పగిలి నాలుగు దినాలు నల్లా రాకుంటే మళ్ల బోరు కాడికే.

లెక్కలసారు:
దానికి ఖర్చు తక్కువ. ఫ్లోరైడ్ గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ప్రతి పంపుకూ ఎర్రరంగు పూసి, పరీక్ష తేదీ, అంకె రాయాలి. వానల ముందొకసారి, తర్వాతొకసారి మళ్లీ కొలవాలి.

చెలిమె:
రాయున్రి. దాని పక్కన్నే బాణం గుర్తు కూడ గీయున్రి, మంచినీళ్లు ఏ గల్లీల ఉన్నయి, ఎన్ని అడుగుల దూరం అని. ఎండకాలం దూప అయినోనికి దగ్గర్ల ఇంకో నీళ్లు కనవడకపోతే ఎర్రరంగు పంపే కొట్టుకుంటడు.