ఎక్స్‌పీ ఉంటే చాలు, ఆర్‌పీజీ అయిపోతుందా?

గొడవల అక్క:
మా తమ్ముడికీ నాకూ రెండు రోజులుగా ఇదే పోట్లాట. వాడు జెల్డా అనే వీడియో గేమ్‌ని ఆర్‌పీజీ (రోల్ ప్లేయింగ్ గేమ్, అంటే ఒక పాత్రగా మారి ఆడే ఆట) అంటాడు. కత్తి ఉంది, గుహలున్నాయి, రాకుమారి ఉంది, ఇంకేం కావాలంటాడు. 1986లో వచ్చిన మొదటి జెల్డాలో ఎక్స్‌పీ (ఆడేకొద్దీ పాత్రకి వచ్చే అనుభవ పాయింట్లు) లేదు, లెవెళ్లు లేవు, కాబట్టి కాదన్నాను. "అయితే 2007 నాటి తుపాకుల ఆట మోడరన్ వార్‌ఫేర్ మల్టీప్లేయర్‌లో రెండూ ఉన్నాయి, అది ఆర్‌పీజీయా?" అని నా నోరు మూయించాడు. గీత ఎక్కడ గీయాలి? మళ్లీ జేఆర్‌పీజీ, రోగ్‌లైక్ అని ఇన్ని పేర్లేంటి?

పాచికల పిచ్చి:
తమ్ముడు గట్టివాడే. ఎక్స్‌పీని పట్టుకుంటే ఎటూ తేలదు. నేనైతే ఒక్కటే చూస్తాను: దెబ్బ తప్పితే తప్పు నా వేలిదా, నా పాత్రదా?

మారోవిండ్ (2002) అనే ఆట మొదలుపెట్టిన రోజు ఒక ఎలుక ముందు నిలబడి కత్తి తిప్పుతున్నా. తెర మీద కత్తి దాని ఒంట్లోంచి పోతోంది, దెబ్బ మాత్రం తగలట్లేదు. మౌస్ పోయిందనుకున్నాను! తీరా చూస్తే నా పాత్రకి కత్తి నైపుణ్యం తక్కువ, పైగా దారంతా పరిగెత్తించి అలసటపెట్టాను. లోపల పాచికలు పడుతున్నాయన్నమాట. 1974 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే ఆట నుంచి వచ్చిన అలవాటది. డిస్కో ఎలీజియమ్ అనే ఆటలో అసలు పోరాట వ్యవస్థే లేదు, మాటలకే రెండు పాచికలు వేస్తారు. నా లెక్కలో అది పక్కా ఆర్‌పీజీ. మోడరన్ వార్‌ఫేర్‌లో లెవెల్ పెరిగితే కొత్త తుపాకీ వస్తుంది, గురి మాత్రం మీదే.

ఒంటి లెవెల్:
ఆగండాగండి. డార్క్ సోల్స్ అనే ఆటని లెవెల్ ఒక్కటి కూడా పెంచకుండా పూర్తిచేసేవాళ్లున్నారు. అంతా వేళ్ల పనే. అది ఆర్‌పీజీ కాదంటారా?

పాచికల పిచ్చి:
దొరికిపోయాను. కానీ బలం చాలకపోతే అక్కడ పెద్ద కత్తి సరిగ్గా ఎత్తలేరు కదా. వేలికీ పాత్రకీ చెరి సగం అయినచోటే యాక్షన్ ఆర్‌పీజీ అనే పేరు అతికింది.

రోగ్‌లైక్ సులువు, 1980 నాటి రోగ్ లాంటిది: చస్తే మళ్లీ మొదటి నుంచే, ప్రతిసారీ కొత్త గుహ. జేఆర్‌పీజీ, అంటే జపాన్ ఆర్‌పీజీ, దగ్గరే నాకు చిరాకు. జపాన్ ఆట డ్రాగన్ క్వెస్ట్ (1986) విజార్డ్రీ, అల్టిమా అనే అమెరికా ఆటల్ని చూసి పుట్టిందే. ఫైనల్ ఫాంటసీ 16 అనే జపాన్ ఆట నిర్మాత నావోకి యోషిదా కూడా, ఆ పేరు మొదట విన్నప్పుడు తమని చిన్నచూపు చూస్తున్నట్టు అనిపించిందని 2023లో చెప్పారు. అయినా అలవాటుకొద్దీ నేనూ వాడతాను.

గొడవల అక్క:
మొత్తం చదివి వినిపించాను. "సరే, మొదటి జెల్డా కాదు. మరి 1987లో వచ్చిన రెండో దాంట్లో ఎక్స్‌పీ కూడా ఉందిగా?" అంటున్నాడు. ఇప్పుడేం చెప్పమంటారు?

ఒంటి లెవెల్:
రిమోట్ వాడికిచ్చేయండి అక్కా.