పాత రేడియో హాస్య నాటికల్లో అంత ఏముంది?

గేటుబజారు గోపి: రేడియో హాస్య నాటికలంటే మా నాన్న చెవి కోసుకుంటారు. నిన్న ఆయన కోసం ఫోనులో ఒకటి పెట్టాను. గ్లాసు చప్పుడు, ఓ దగ్గు, తలుపు కిర్రుమనడం. నాకు నిద్రొచ్చింది. మన ఒడిశా బరంపురం తెలుగు పెద్దలు చెప్పండి, అందులో ఏముంది?

వాల్వుసెట్టు: బొమ్మ లేకపోవడమే ఉంది. నండూరి సుబ్బారావు గారు గొంతు సవరించుకుంటే చాలు, ఆ మనిషి పొట్టెంతో మేమే కొలుచుకునేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకి విజయవాడ నాటకం. పొయ్యి మీద పప్పు మాడినా మా ఇంట్లో ఎవరూ లేచేవారు కాదు.

పర్లాకిమిడి పంతులు: మధ్యాహ్నం బరంపురంలో విజయవాడా? మీడియం వేవ్ రాత్రయితే ఆకాశంలో పై పొరకి తగిలి దూరాలు పోతుంది. పగలు కింది పొర మింగేస్తుంది బాబూ. మీరు విన్నది విశాఖ.

వాల్వుసెట్టు: విశాఖ కేంద్రం 1963లో వచ్చింది. విజయవాడ 1948 నుంచీ ఉంది. మేం విశాఖ రాకముందే విన్నాం. డాబా మీంచి కొబ్బరిచెట్టు దాకా రాగితీగ కట్టాం.

పర్లాకిమిడి పంతులు: తాడిచెట్టుకి కట్టినా రాదు.

రాయగడ చెల్లెమ్మ: నాటిక వదిలేసి తీగ పట్టుకున్నారేటి? రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు పుట్టింది బరంపురంలోనే, 1905లో. ఆ మాట ఎవరూ ఎత్తరేం?

గుణుపురం: నాకు ఆ నవ్వులు పడవు. ఏ కేంద్రమో అనను గానీ, ఒకదాంట్లో నౌకరు "ఏటి బాబూ, నానెల్తన్నాను" అంటాడు. అదే జోకు. అందరూ గొల్లుమన్నారు. 1978లో కృష్ణా జిల్లాలో హాస్టల్లో చేరితే నా పేరే "ఏటి" అయిపోయింది. డిగ్రీ అయ్యేదాకా అంతే.

వాల్వుసెట్టు: హాస్యాన్ని హాస్యంగా తీసుకోవాలండీ.

గుణుపురం: మీకేం, నవ్వినవారు మీరు. నవ్వులపాలైంది మా అమ్మ మాట.

వాల్వుసెట్టు: నేను చదివింది ఒడియా బడిలో. తెలుగు అక్షరాలు పాతికేళ్ళొచ్చాక నేర్చుకున్నాను. అప్పటిదాకా ఇంటి బయట నాతో తెలుగు మాట్లాడింది ఆ పెట్టె ఒక్కటే. దాన్నీ తప్పు పడితే మండింది, అంతే.

గుణుపురం: పెట్టెని అనలేదు. ఆ నౌకరు నోట ఒక్క తెలివైన మాటైనా పెట్టొచ్చు కదా అన్నాను.

గేటుబజారు గోపి: ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. ఆ నౌకరు ఆయనకీ గుర్తున్నాడు. అప్పట్లో తెగ నవ్వారట. "మా అమ్మా అలాగే మాట్లాడేది కదరా" అని ఊరుకున్నారు.

పర్లాకిమిడి పంతులు: అది సరే. పగలు విజయవాడ మాత్రం రాదు.