ఎండాకాలం డాబా మీద నీళ్లు, గింజలు: పక్షులకు మేలా, కీడా?

సిరోంచ మేడ:
మా డాబా మీద ఏటా ఎండాకాలం మట్టి మూకుట్లో నీళ్లు, పళ్లెంలో జొన్నలు పెడతాం. మొన్న ఒక గువ్వ ఎగరలేక పిట్టగోడ మీద ముడుచుకు కూర్చుంది. ముక్కు చుట్టూ ఈకలు తడిసి, గొంతు ఉబ్బింది. గింజ నోట పెట్టుకుని మింగలేక మళ్లీ పళ్లెంలోనే వదిలేసింది. పశువుల డాక్టరు నోరు తెరిపించి చూపిస్తే లోపల పసుపు రంగు గడ్డ. ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి అయ్యుండొచ్చు, అన్నీ ఆపేయమన్నారు. అమ్మ వినడం లేదు, ఈ ఎండలో నీళ్లు తీసేస్తే పాపమంటోంది. ఏం చేయమంటారు?

ప్రాణహిత గట్టు:
అమ్మ మాటే కరెక్ట్. పావురాల్లో ఇది పాత జబ్బే. పిల్లకు నోటితో పాలు (గొంతు సంచిలో ఊరే పాలలాంటి మేత) పట్టేటప్పుడే తల్లి నుంచో తండ్రి నుంచో అంటుకుంటుంది, చాలావాటికి పైకి ఏమీ కనబడదు. మీరు మూకుడు తీసేస్తే అవన్నీ పోయి పశువుల కుడితి తొట్టి మీద వాలతాయి. దాన్నెవరు కడుగుతారు? ముంబయిలోలాగా పావురాలకు మేత ఆపించడం ఇక్కడా మొదలెడదామా?

బల్లార్షా పిట్ట:
ముంబయి గొడవ వేరే అన్నా. 2025లో అక్కడ కబూతర్‌ఖానాలు (జనం పావురాలకు గింజలు వేసే చోట్లు) మూయించింది మనుషుల ఊపిరితిత్తులకు చేటని. పాత జబ్బే కదా అంటే, బ్రిటన్‌లో పావురాల్లో ఉన్న ఈ జీవే 2005లో గ్రీన్‌ఫించ్ అనే పిచ్చుకంత పిట్టలకు పాకింది. అవి ఎంతగా తగ్గిపోయాయంటే 2021లో అక్కడి రెడ్ లిస్టులో, అంటే ముప్పు ఎక్కువున్న పక్షుల జాబితాలో పెట్టారు. జనం ప్రేమగా గింజలు పెట్టిన చోటే ఒకదాని ఎంగిలి ఇంకోటి తిన్నాయి. జబ్బు పావురాన్ని తిన్న డేగకూ వస్తుంది. అందుకే గింజలు వెంటనే ఆపండి, కోసిన చేలల్లో ఏరుకుంటాయి. నీళ్లు మాత్రం నేనైతే ఆపను. రెండు మూకుళ్లు పెట్టుకుని రోజు మార్చి రోజు వాడండి. తడి లేకపోతే ఆ జీవి బతకదు. కాకపోతే మట్టి మూకుడు నీళ్లు పీల్చుకుంటుంది, పైన ఆరినట్టుంటే సరిపోదు, రోజంతా ఎండలో పెట్టాల్సిందే.

ప్రాణహిత గట్టు:
నీళ్ల వరకు సరే. గింజలు పళ్లెంలో కాకుండా దూరం దూరంగా చల్లితే తప్పేంటి?

బల్లార్షా పిట్ట:
రోజూ ఒకే చోట చల్లితే అక్కడే గుమిగూడతాయి. చోటు మారుస్తానంటే చల్లండి, అదీ జబ్బు పిట్టలు కనబడడం ఆగాకే.

సిరోంచ మేడ:
రెండో మూకుడికి అమ్మ ఒప్పుకుంది. జొన్నల దగ్గరే ఇంకా పేచీ.