డబ్బులిచ్చి లింకులు కొంటేనే గూగుల్‌లో పైకి వస్తామా?

పట్నంబజార్ కారం (గుంటూరు):
మాది కారం, పసుపు, మసాలా పొడుల కొట్టు. సైటు పెట్టి ఏడాది దాటింది. వాట్సాప్‌లో మేం పంపిన లింకు నొక్కి వచ్చేవాళ్ళే తప్ప గూగుల్‌లో వెతికి వచ్చేవాళ్ళు దాదాపు లేరు. ఒక ఏజెన్సీ వాళ్ళు వేరే సైట్ల నుంచి మాకు ఐదొందల లింకులు పెట్టిస్తారట, నెలలో మొదటి స్థానం గ్యారంటీ అట. నలభై వేలు అడుగుతున్నారు. మా తమ్ముడు ఇచ్చేద్దామంటున్నాడు. మీరేమంటారు? సైటు అడ్రస్ నా ప్రొఫైల్‌లో ఉంది.

బెంజిసర్కిల్ బాబాయ్ (విజయవాడ):
ఇచ్చేయండి. గూగుల్ 1998లో మొదలైందే ఏ పేజీకి ఎవరెవరు లింకు ఇచ్చారో లెక్కగట్టే పేజ్‌ర్యాంక్ మీద. సరుకు బాగుంటే జనం వాళ్ళే వస్తారనే రోజులు పోయాయి. పక్క కొట్టువాళ్ళు కొంటుంటే మీరు చేతులు కట్టుకుని కూర్చుంటారా?

బ్రాడీపేట నాలుగో లైను:
అన్నా, గ్యారంటీ అన్న మాట వినగానే వాళ్ళను పంపించేయాల్సింది. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీగా ఇప్పించలేరని గూగులే చెబుతోంది. ర్యాంకు కోసం లింకులు కొనడం వాళ్ళ స్పామ్ నిబంధనలకు విరుద్ధం. 2012లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చినప్పుడు ఇలాంటి లింకులను నమ్ముకున్న సైట్లు ఒక్కసారిగా కిందపడ్డాయి. ఇప్పుడు చాలావరకు ఆ లింకులను లెక్కలోకే తీసుకోరు, అంటే మీ నలభై వేలు కృష్ణార్పణం. వ్యవహారం ముదిరితే సైటునే వెనక్కి నెట్టేస్తారు.

మీ సైటు చూశాను. అన్ని పేజీలకూ టైటిల్, అంటే గూగుల్ ఫలితాల్లో కనిపించే శీర్షిక, ‘హోమ్’ అనే ఉంది. తేజ కారం పేజీకి ‘ప్రోడక్ట్ 4’ అని పేరు. ధరల పట్టిక మొత్తం ఒకే ఫోటో. ‘గుంటూరు తేజ కారం పొడి, కిలో ధర’ అని వెతికేవాళ్ళకు మీ పేజీని చూపించడానికి గూగుల్‌కు ఆధారం ఏముంది? ఒక్కో పేజీకి దాని సరుకు పేరుతోనే టైటిల్ పెట్టండి, ధరలు ఫోటోలో కాకుండా అక్షరాల్లో రాయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

సైటు ఉన్నవాళ్ళకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే టూల్ కూడా ఉచితమే. మీ పేజీల్లో ఏవి గూగుల్‌కు చేరాయో, జనం ఏ మాటలు కొడితే మీరు కనిపిస్తున్నారో అందులో తెలుస్తుంది. సైటు కట్టేటప్పుడు పెట్టిన ‘నోఇండెక్స్’ (ఈ పేజీని చూపించొద్దని గూగుల్‌కు చెప్పే గుర్తు) తీయకుండా వదిలేసిన సైట్లు చాలా చూశాను. అది ఉన్నంతకాలం ఎన్ని లింకులు కొన్నా ఆ పేజీ గూగుల్‌లో రాదు.

ఇక అసలు పని. కౌంటర్ దగ్గర రోజూ మిమ్మల్ని ఏమడుగుతారు? ఆవకాయకు ఏ కారం వాడాలి, తేజ ఘాటెక్కువా, బ్యాడిగి రంగుకేనా, కారం పురుగు పట్టకుండా ఎలా నిల్వ చేయాలి. జనం గూగుల్‌నూ అవే అడుగుతారు. వీటిలో ఒక్కోదానికి ఒక పేజీ రాయండి. ఆవకాయ పేజీ మాత్రం మామిడికాయలు బజారుకొచ్చాక పెడితే ఆలస్యమైపోతుంది, సంక్రాంతి వెళ్ళగానే పెట్టేయండి.

బెంజిసర్కిల్ బాబాయ్:
ఇవన్నీ చేసేసరికి ఏడాది పడుతుంది. ఈలోగా అద్దెలు, జీతాలు ఆగుతాయా? అయినా లింకులకు విలువే లేదంటారా?

బ్రాడీపేట నాలుగో లైను:
విలువ లేదనలేదండీ, కొన్నవాటికి లేదంటున్నాను. ఈ అన్న దగ్గర కారం కొనే పచ్చళ్ళవాళ్ళు, హోటళ్ళవాళ్ళు ఉంటారు. వాళ్ళ సైట్లలో ‘మా కారం ఫలానా కొట్టుది’ అని ఒక్క లింకు పెట్టించుకుంటే ఆ ఐదొందల కంటే అదే మేలు. ఆలస్యం సంగతి ఒప్పుకుంటాను, నెలలు పడుతుంది. అప్పటిదాకా అమ్మకాలు కావాలంటే ఆ డబ్బులో కొంత గూగుల్ ప్రకటనలకు పెట్టండి, అది నిబంధనల ప్రకారమే.

గవర్నర్‌పేట లత:
మాది బట్టల షాపు. మ్యాప్స్‌లో చూసి వచ్చేవాళ్ళే మాకు ఎక్కువ. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో టైమింగ్స్, ఫోన్ నంబర్, కొత్త ఫోటోలు సరిగ్గా పెట్టండి. వచ్చినవాళ్ళను రివ్యూ రాయమని అడగండి, డబ్బిచ్చి మాత్రం రాయించొద్దు. ఇంకో మాట, మనవాళ్ళలో చాలామంది ‘ఆవకాయ కారం’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. తెలుగు పేజీ, ఇంగ్లీషు పేజీ విడివిడిగా పెట్టండి, కానీ మెషిన్ అనువాదం చదవకుండా ఎక్కించొద్దు.

పట్నంబజార్ కారం:
అందరికీ థ్యాంక్స్. ఏజెన్సీ వాళ్ళ కొటేషన్ మళ్ళీ చూశాను. ‘మెటా కీవర్డ్స్’కు విడిగా ఐదు వేలు వేశారు. అవి అవసరమా?

బ్రాడీపేట నాలుగో లైను:
అవి పేజీ కోడ్‌లో పైకి కనపడకుండా పెట్టే మాటల జాబితా. ర్యాంకింగ్‌కు వాటిని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. మీ తమ్ముడికి ఆ లైను చూపించండి.

పట్నంబజార్ కారం:
చూపించాను. వాడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు కానీ టైటిల్స్ మార్చడానికి కూర్చున్నాడు. తేజకీ బ్యాడిగికీ తేడా అమ్మ చెబుతుంటే నేను రాస్తున్నాను. టైటిల్‌లో ‘గుంటూరు’ ముందు పెట్టాలా, చివర పెట్టాలా?

గవర్నర్‌పేట లత:
ఎక్కడైనా ఫర్వాలేదు, చదవడానికి బాగుంటే చాలు. ఒక్కసారే పెట్టండి.