అప్‌డేట్: ఇండోర్ సైక్లింగ్ తరగతిలో సగంలోనే దిగిపోయే కొత్తవారి గురించి

కొండాపూర్‌లో నేను నడిపే 45 నిమిషాల ఇండోర్ సైక్లింగ్ తరగతి నుంచి కొత్తవారు సగంలోనే దిగిపోతున్నారని, ఏం మార్చాలని గత నెల అడిగాను. మీరు సూచించినట్లు, పక్కన నిలబడినప్పుడు సీటు తుంటి ఎముక ఎత్తులో ఉండేలా, పెడల్ అడుగుకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా ఒక్కొక్కరికీ అమర్చాను. మోకాళ్ల నొప్పి ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి.

అయితే అసలు మార్పు తెచ్చింది పాటల ఎంపికే. నిమిషానికి 90 దెబ్బలు (బీట్లు) ఉన్న పాటలో ప్రతి దెబ్బకూ కుడికాలు ఒకసారి కిందికి వచ్చేలా తొక్కితే పెడల్ వేగం నిమిషానికి 90 చుట్లవుతుంది కాబట్టి, అంకెలు అరిచి చెప్పవలసిన అవసరం చాలావరకు తగ్గింది. కొండ ఎక్కుతున్నట్లు తొక్కే భాగానికి రెసిస్టెన్స్ (పెడల్ బిగువు) పెంచి, 65 చుట్లకు సరిపోయే నెమ్మది పాటలు పెట్టాను.

నిన్న ఉదయం వచ్చిన 12 మందీ చివరి స్ట్రెచింగ్ వరకు ఉన్నారు. మీకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు.