ప్రపంచ ఎలెవన్ జట్లను సరిగ్గా పోల్చే పద్ధతి ఏమిటి?

క్రికెట్‌లో వివిధ దేశాల మేటి ఆటగాళ్లతో కూర్చిన రెండు జట్లను, అంటే 1970లో సోబర్స్ సారథ్యంలో ఇంగ్లండ్‌ను 4-1తో ఓడించిన ప్రపంచ జట్టునూ, 2005లో సిడ్నీలో ఆస్ట్రేలియా చేతిలో 210 పరుగుల తేడాతో ఓడిన ఐసీసీ ప్రపంచ ఎలెవన్‌నూ పోల్చాలని చూస్తున్నాను. మొదట ఆటగాళ్ల టెస్టు సగటులు కలిపి చూశాను, కుదరలేదు. 1970 జట్టులోని దక్షిణాఫ్రికా ఆటగాళ్లే ఉదాహరణ: బారీ రిచర్డ్స్ బ్యాటింగ్ సగటు 72.57, కానీ ఆడింది 4 టెస్టులే. ప్రాక్టర్ 7 టెస్టుల్లో 15.02 బౌలింగ్ సగటుతో 41 వికెట్లు తీశాడు. అంత గొప్ప ఆటగాళ్లను వర్ణవివక్ష కారణంగా దక్షిణాఫ్రికాపై పడిన నిషేధం వల్ల ఇంత తక్కువ మ్యాచ్‌ల అంకెలతో కొలవాల్సి రావడం బాధాకరం. తర్వాత ప్రతి ఆటగాడి సగటును అతని కాలపు మొత్తం సగటుతో భాగించాను. 2005 జట్టులోని లారా, కలిస్, మురళీధరన్ లాంటివారికి సరిపోయింది గానీ రిచర్డ్స్, ప్రాక్టర్ల విషయంలో అదే చిక్కు. పైగా 1970 మ్యాచ్‌లకు టెస్టు హోదా లేదు, 2005 మ్యాచ్‌కు ఉంది.

రిచర్డ్స్, ప్రాక్టర్ లాంటివారి ఫస్ట్‌క్లాస్ (దేశవాళీ తదితర బహుళ రోజుల మ్యాచ్‌ల) సగటులను టెస్టు స్థాయికి సర్దుబాటు చేయడానికి నమ్మదగిన లెక్క ఏది?